లేత్ మీద బతుకమ్మ బొమ్మ: ఒకే చెక్కలో, తల మీద పూలతో

బతుకమ్మను ఒకసారి లేత్ (చెక్కను గిరగిరా తిప్పే మిషన్) పని తెలిసినవాళ్ల కళ్లతో చూడండి. కింద వెడల్పు, పైకి పోను పోను సన్నం, వరుస మీద వరుస, ప్రతి వరుసా గుండ్రం. తిరిగే చెక్క మీద ఉలి ఆనిస్తే దానంతట అదే వచ్చే ఆకారం అది. దాని కింద ఒక తాంబాలం, తాంబాలం కింద గుండ్రటి తల, మెడ, భుజాలు, నడుము, కుచ్చిళ్లు పరుచుకున్న చీర. ఇవన్నీ కూడా గుండ్రమే. అందుకే లేత్ మీద బొమ్మ నేర్చుకోవాలని ఎవరడిగినా, రాజా రాణీ కాదు, బతుకమ్మను ఎత్తుకున్న ఆడబిడ్డ బొమ్మతో మొదలుపెట్టండి అంటాను. హనుమకొండలో బతుకమ్మ పండుగ ఆఖరి రోజు, సద్దుల నాడు, పద్మాక్షి గుట్ట దగ్గర నిలబడితే కావలసిన నమూనాలు వేలల్లో నడిచి వస్తాయి.

ముందే ఒక మాట. మన ఉత్తర తెలంగాణలో బొమ్మ అనగానే నిర్మల్ గుర్తొస్తుంది, కానీ నిర్మల్ బొమ్మలూ కొండపల్లి బొమ్మలూ లేత్ మీద చేసేవి కావు. తేలికైన పొణికి చెక్కను ఉలితో చెక్కి, ముక్కలు అతికి, రంగులు వేస్తారు. లేత్ మీద తిప్పి లక్క రంగు పట్టించేవి అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డున ఉన్న ఏటికొప్పాక బొమ్మలు, కర్ణాటకలో చన్నపట్న బొమ్మలు. మన చిన్నప్పటి లక్కపిడతలు ఆ జాతివే. నేను ఇక్కడ చెప్పేది ఆ లక్క పద్ధతే, బొమ్మ మాత్రం మనది. నాకు లేత్ నేర్పింది మా వాడకట్టు వడ్లాయన. ఆయన జీవితమంతా మంచం కోళ్లు, ఉయ్యాల కమ్ములు, పిల్లలకు బొంగరాలు తిప్పినాయన. బొమ్మలు ఎన్నడూ చేయలేదు. అయినా కింద రాసిన పనిలో సగం ఆయన దగ్గర నేర్చుకున్నదే.

చెక్క

లేత్ బొమ్మకు పేరున్న కర్ర అంకుడు. మా దిక్కు దీన్ని తెడ్లపాల అని కూడా అంటారు, తెడ్లు చేసే పాల చెట్టు కాబట్టి. తెల్లగా, సన్నటి నారతో, ముఖం మీద మచ్చ లేకుండా ఉంటుంది, లక్క బాగా పట్టుకుంటుంది. ములుగు, ఏటూరునాగారం అడవుల్లో ఈ చెట్టు ఉంటుంది, కానీ ఉంది కదా అని అడవిలో కొమ్మ కొట్టుకు రావద్దు, అది నేరం. సొంత చెలకలోనో తెలిసినవాళ్ల గట్టు మీదో ఉన్న చెట్టును కొమ్మలు కొట్టినప్పుడు తెచ్చుకోండి, అదైనా ఊరు దాటించే ముందు ఫారెస్ట్ వాళ్లను ఒక మాట అడగండి.

అంకుడు దొరకకపోతే వేప బాగుంటుంది, కొంచెం గట్టి, రంగు ఎరుపు వైపు పోతుంది కాబట్టి ముఖం దగ్గర లేత పసుపు లక్క వేసుకోవాలి. మామిడి చవక, నేర్చుకోవడానికి చాలు. టేకు మనకు ఊరూరా దొరుకుతుంది, సామిల్లులో తుక్కు ముక్కలు ఊరికే కూడా ఇస్తారు, కానీ బొమ్మకు నేను వాడను: టేకులో ఇసుక లాంటి పదార్థం ఉంటుంది, ఉలి మొన తొందరగా పోతుంది, పైగా నూనె గుణం వల్ల లక్క సరిగా అంటదు. నీలగిరి ఎండేటప్పుడు మెలి తిరిగి చీలుతుంది, వద్దు. పొణికి చెక్కడానికి వెన్న లాంటిది, లేత్ మీద మాత్రం నార లేచిపోతుంది.

ఇక ఎండబెట్టడం. దీనికే ఎక్కువ జాగా ఇస్తున్నాను, ఎందుకంటే బొమ్మ పాడయ్యేది ఎక్కువగా ఇక్కడే. నేను మొదటిసారి చెక్క కొన్నప్పుడు ఒక సామిల్లులో ఎండిందే అన్నారు, నేనూ నమ్మి అదే వారం ఐదు బొమ్మలు తిప్పి, లక్క వేసి, మా చెల్లెకు పండుగ మొదటి రోజు ఎంగిలిపూల నాటికి పంపించాను. సద్దుల నాటికి ఫోన్ చేసింది. ఐదింట్లో మూడు బొమ్మలకు చీర అంచు నుంచి నడుము దాకా నిలువు పగులు. లక్క చెక్కు కూడా ఊడలేదు, లోపలి చెక్క ముడుచుకుని చీలింది. ఆ ఫోటో ఇప్పటికీ నా ఫోన్‌లో ఉంది, కొత్త చెక్క కొన్నప్పుడల్లా చూసుకుంటాను.

పచ్చి కర్ర తెచ్చిన రోజే బెరడు తీసి, రెండున్నర ఇంచుల చదరపు ముక్కలుగా కోయించండి. దుంగ నట్టనడిమి బొడ్డు ముక్కలో రాకుండా చూడండి, బొడ్డు ఉన్న ముక్క ఎంత ఎండబెట్టినా ఏదో ఒక రోజు చీలుతుంది. రెండు కొసలకూ కరిగించిన కొవ్వొత్తి మైనం మందంగా పూయండి. చెక్కలో నీళ్లు కొసల నుంచి తొందరగా పోతాయి, పక్కల నుంచి నెమ్మదిగా పోతాయి, ఆ తేడా వల్లే కొసలు చీలుతాయి, మైనం ఆ తేడాను తగ్గిస్తుంది. తర్వాత ముక్కలను ఇంట్లో, గాలి ఆడే చోట, ఒకదాని మీద ఒకటి అడ్డంగా పేర్చి పెట్టండి. మంచం కింద అయినా సరే. స్లాబ్ మీద ఎండలో మాత్రం పెట్టకండి, మన వరంగల్ మే నెల ఎండకు పొద్దంతా పెడితే సాయంత్రానికి టప్‌మని చప్పుడు వినిపిస్తుంది. రేకుల షెడ్డు కూడా అంతే.

ఎప్పటికి ఎండినట్టు? దీనికి మిషన్లు ఉన్నాయి కానీ వంటింటి తూకం మిషన్ చాలు. ప్రతి ముక్క మీద పెన్సిల్‌తో తేదీ, బరువు రాయండి. పదిహేను రోజులకోసారి తూచి కింద మళ్లీ రాయండి. మొదట్లో బరువు గబగబా పడిపోతుంది, తర్వాత నెమ్మదిస్తుంది, వరుసగా మూడుసార్లు తూచినా అదే బరువు వస్తే ఎండినట్టు. ఈ సైజు ముక్కకు నాకు ఆరేడు నెలలు పట్టింది, వానాకాలం మధ్యలో వస్తే ఇంకా ఎక్కువే. బతుకమ్మకు బొమ్మ కావాలంటే ముందటి ఏడు చలికాలంలోనే చెక్క పెట్టుకోవాలి.

మిషన్, ఉలులు, ఒంటి మీద బట్ట

ఆరంగుళాల బొమ్మకు చిన్న బెంచ్ లేత్ చాలు, వేగం మార్చుకునే వీలుండాలి. చెక్క కొసను బిగించి పట్టే నాలుగు దవడల చక్ ఉంటే పని సుఖం. లేకపోతే రెండు వైపులా మొనల మధ్యనే బిగించి తిప్పి, చివర్లో రెండు కొసలూ రంపంతో కోసుకోవచ్చు.

ఉలులు నాలుగు: ముక్కను గుండ్రం చేయడానికి వెడల్పు గౌజ్ (గుంట ఉలి), వంపులకు సన్న గౌజ్, గీతలకూ నునుపుకూ ఏటవాలు మొన ఉన్న స్క్యూ, కోతకు సన్నటి పార్టింగ్ ఉలి. వడ్రంగం ఉలులు లేత్ మీద పెట్టకండి, వాటి పిడి పొట్టి, చెక్క కొట్టే దెబ్బకు చేతిలోంచి లాక్కుపోతుంది. గౌజ్‌కు 40 డిగ్రీల దగ్గర, స్క్యూకు రెండు వైపులా కలిపి 30 డిగ్రీల లోపు సాన పెడతాను. మొన పదునుందో లేదో పొట్టు చెబుతుంది. పదునైన ఉలి కింద పొట్టు రిబ్బన్‌లా పొడుగ్గా లేస్తుంది. పిండిలా రాలుతుంటే ఆపి సాన పెట్టాల్సిందే. కొత్తలో ఒక్క బొమ్మకు మూడు నాలుగు సార్లు సాన మీదికి పోవాల్సి వస్తుంది, బద్ధకించవద్దు.

ఒంటి సంగతి. పొడుగు చేతుల అంగీ, కండువా, చున్నీ వద్దు. జుట్టు ముడి వేసుకోండి. గ్లోవ్స్ అసలే వద్దు, చాలామంది రక్షణ అనుకుని వేసుకుంటారు, కానీ తిరిగే చెక్క గ్లోవ్‌ను పట్టుకుంటే చేతిని కూడా లోపలికి లాగుతుంది. జాతరలో చేతికి కట్టుకున్న దారం ఉంటే దాన్ని కూడా తీసి దేవుడి దగ్గర పెట్టి రండి. ముఖం మొత్తం కప్పే షీల్డ్, ముక్కుకు మాస్క్ తప్పనిసరి. స్విచ్ వేసే ముందు ప్రతిసారీ చెక్కను చేత్తో ఒక చుట్టు తిప్పి చూడండి, టూల్ రెస్ట్‌కు, అంటే ఉలిని ఆనించుకునే పట్టీకి, తగలకూడదు. రెస్ట్‌కూ చెక్కకూ మధ్య ఒక సూత్, అంటే ఇంచులో ఎనిమిదో వంతు సందు చాలు. చెక్క సన్నబడే కొద్దీ మిషన్ ఆపి రెస్ట్‌ను దగ్గరికి జరపాలి, ఆపకుండా జరపకూడదు.

కొలతలు

బొమ్మ ఎత్తు 150 మిల్లీమీటర్లు, సుమారు ఆరు అంగుళాలు. పైనుంచి కిందికి: బతుకమ్మ 45, తాంబాలం 6, తల 28, మెడ 6, భుజాల నుంచి నడుము దాకా 25, నడుము నుంచి చీర అంచు దాకా 40. వెడల్పులు: బతుకమ్మ అడుగు 44, శిఖరం 10, తాంబాలం 50, తల 30, మెడ 16, భుజాలు 34, నడుము 24, చీర అడుగు 52. ముక్క మాత్రం 190 పొడుగు తీసుకోండి, చక్ పట్టుకోవడానికి ఒక కొసన 20, రెండో కొసన మొన దిగడానికి 20 పోతాయి.

ఈ కొలతలు ప్రతిసారీ టేపుతో కొలవకుండా, సన్నటి ప్లైవుడ్ పట్టీ మీద ఒక్కసారి గీసి, ప్రతి గీత దగ్గర చిన్న కోత పెట్టుకోండి. చెక్క గుండ్రమయ్యాక తిరుగుతుండగానే పట్టీని రెస్ట్ మీద ఆనించి, ప్రతి కోతలో పెన్సిల్ మొన పెడితే చుట్టూ గీతలు పడిపోతాయి. పది బొమ్మలు చేసినా పదీ అక్కచెల్లెళ్లలా వస్తాయి.

బిగించే ముందు పట్టీని ముక్క పక్కన పెట్టి మెడ ఎక్కడ వస్తుందో చూడండి. అక్కడ ముడి గానీ, సన్న పగులు గానీ, నార అడ్డం తిరగడం గానీ ఉంటే ముక్కను తలకిందులు చేయండి. అప్పుడూ ఉంటే ఆ ముక్క బొంగరానికి పెట్టండి. బతుకమ్మ, తాంబాలం, తల బరువంతా మోసేది ఆ 16 మిల్లీమీటర్ల మెడ.

తిప్పడం

చీర వైపు కొస చక్‌లో, బతుకమ్మ శిఖరం వైపు కొస టెయిల్ స్టాక్ (చక్‌కు ఎదురుగా అవతలి కొసను పట్టే భాగం) మొన మీద. లావు భాగం మిషన్ దగ్గర ఉంటే చెక్క వణకదు. ముందు నిమిషానికి 800 నుంచి 1000 చుట్ల వేగంలో గుండ్రం చేయండి, నలుమూలలు పోయి టకటక చప్పుడు ఆగి ఒకే గాలి మోత వినిపించేదాకా. తర్వాత 1500 దాటించవచ్చు.

ఇప్పుడు ఉలి పట్టే తీరు. ఉలికి మొన వెనక సాన పట్టిన ఏటవాలు ఉంటుంది కదా, ముందు ఆ వాలు వీపును తిరిగే చెక్కకు ఆనించండి, మొన తగలకూడదు, ఊరికే రుద్దుకుంటూ ఉండాలి. అప్పుడు పిడిని మెల్లగా పైకి లేపండి. ఒకచోట మొన చెక్కను అందుకుని పొట్టు లేవడం మొదలవుతుంది. అంతే, ఆ కోణం దగ్గర ఆపి, పక్కకు నడిపించండి. వాలు ఆనకుండా నేరుగా మొన పెడితే ఉలి కరుచుకుంటుంది, ఢమ్మని శబ్దం వచ్చి చెక్కలో గుంట పడుతుంది, గుండె కూడా ఒక్కసారి ఆగుతుంది. వడ్లాయన నాకు మొదటి రోజు చెప్పింది ఇదే: "ఉలిని తోయకు బిడ్డా, ఆనించి పట్టుకో, చెక్కనే నీ దగ్గరికి వస్తది." అప్పుడు సరిగా అర్థం కాలేదు. ఓ ఇరవై ముక్కలు తిప్పాక, బలం పెట్టనప్పుడే పొట్టు పొడుగ్గా లేస్తోందని చేతికే తెలిసింది.

రెండో నియమం, ఎప్పుడూ లావు నుంచి సన్నానికి, గుట్ట దిగినట్టు కోయాలి. సన్నం నుంచి లావుకు ఎక్కితే నార ఎదురు తిరిగి చీలికలు లేస్తాయి. నడుము లాంటి లోతు దగ్గర రెండు వైపుల నుంచీ దిగి మధ్యలో కలవాలి, అవతలి గట్టు ఎక్కకూడదు.

ప్రతి గీత దగ్గర పార్టింగ్ ఉలితో, కాలిపర్ (లావు కొలిచే పరికరం) పెట్టి చూసుకుంటూ, అసలు వెడల్పు కన్నా రెండు మిల్లీమీటర్లు ఎక్కువ ఉండేలా గాడి దించండి. మెడ దగ్గర మాత్రం 24 దగ్గరే ఆపేయండి, 16కు పోవద్దు. ఎందుకో కింద చెబుతాను.

ఇక టెయిల్ స్టాక్ వైపు నుంచి మొదలు, బతుకమ్మతో. ముందు మొత్తం సాదా శిఖరంలా, అంచులు లేకుండా దించండి. నేరుగా కోన్ లాగా వస్తే గుడి గోపురం బొమ్మలా ఉంటుంది, పక్కలు ఒక పిసరు ఉబ్బెత్తుగా ఉంటేనే పూలు పేర్చిన బతుకమ్మలా కనిపిస్తుంది. తర్వాత వరుసలు. నేను ఐదు వరుసలు పెడతాను, కింది వరుస లావు, పైకి పోను పోను సన్నం. స్క్యూ పొడుగు మొనతో ముందు ఐదింటికీ సన్న గీతలు దించి, ఒక్కో వరుస రెండు అంచులనూ గుండ్రంగా దొర్లించాలి, పూస చేసినట్టు. ఇది చేతికి రావడానికి వారం పడుతుంది, వేరే ముక్క మీద వరుసగా పూసలు తిప్పి నేర్చుకోండి. పైన శిఖరం గుమ్మడి పువ్వులా కొంచెం విచ్చుకున్నట్టు పెడితే అందం. ఆఖరున మొన పట్టుకున్న చెక్క తప్ప మిగతా అంతా పూర్తయి ఉండాలి.

తాంబాలం అంచు సన్నగా ఉండాలి కానీ మరీ పలచగా వద్దు, నార నిలువుగా ఉంటుంది కాబట్టి పలచటి అంచు బిస్కెట్‌లా పెళుసు. అంచు దగ్గర నాలుగు మిల్లీమీటర్లు ఉంచండి. తల కోడిగుడ్డులా కాదు, మొక్కజొన్న పేలంలా కాదు, కొంచెం కిందికి దిగిన గుండ్రం, చెంపలు నిండుగా. నిండు చెంపలు లేకపోతే రంగు ఎంత బాగా వేసినా బొమ్మ ముఖం పెద్దదాని ముఖంలా వస్తుంది.

ఇక్కడికి వచ్చాక చాలామంది కిందికి పోయి మొత్తం బొమ్మ తిప్పేసి, తర్వాత రంగు పెడతారు. నేనూ అట్లే చేసేవాడిని. లక్క కడ్డీని గట్టిగా అదిమితేనే కరుగుతుంది, ఆ అదుము పక్క నుంచి పడుతుంది. ఒకసారి 16కు సన్నం చేసిన మెడ ఆ అదుముకు పుటుక్కున విరిగి, బతుకమ్మా తాంబాలం తలా కలిసి గోడకు తగిలాయి. ముఖం షీల్డ్ ఉండబట్టి సరిపోయింది. అప్పటి నుంచి వరుస మార్చాను: మెడ 24 లావుండగానే బతుకమ్మ, తాంబాలం, తల సాండ్ పేపర్ పట్టి, లక్క కూడా వేసేస్తాను. ఆ తర్వాతే మెడను 16కు దించి, భుజాలు, నడుము, చీర తిప్పి, వాటికి లక్క వేస్తాను. కిందికి పోయే కొద్దీ పని మిషన్ దగ్గరికి వస్తుంది, కాబట్టి అదుము మెడ మీద పడదు.

సాండ్ పేపర్ 120, 180, 240, 320. రెస్ట్ తీసి పక్కన పెట్టి, చెక్క కింది వైపు నుంచి పేపర్ పట్టుకోండి, పైన పట్టుకుంటే వేళ్లు ముందుకు లాక్కుపోతాయి. పూల వరుసల గాడుల్లో పేపర్‌ను మడిచి అంచు మాత్రమే దించాలి, లేకపోతే కష్టపడి దొర్లించిన పూసలు అరిగి చదునైపోతాయి. ఉలితో బాగా కోసి ఉంటే 120 అక్కరే రాదు.

లక్క

లక్క చెట్టు బంక కాదు. మోదుగ, రేగు, పుసుగు లాంటి చెట్ల కొమ్మల మీద లక్క పురుగులు పట్టి వదిలే పదార్థం. ముద్ద లక్కను బొగ్గుల వేడి మీద మెత్తబరిచి, రెండు కర్రల మధ్య సాగదీస్తూ మడుస్తూ, రంగు పొడి కలిపి పిసికి, కడ్డీగా చేసుకుంటారు. బజార్లో తయారు కడ్డీలు దొరుకుతాయి. సీలు వేసే లక్క మాత్రం కాదు, అందులో ఏమేం కలుస్తాయో తెలియదు, పిల్లలు నోట్లో పెట్టుకునే వస్తువు ఇది.

నేను సొంతంగా చేసుకునేవి మూడు రంగులే: పసుపుతో పసుపు, జాఫ్రా గింజలతో నారింజ, కరక్కాయ కషాయంలో తుప్పు ఇనుము వేసి తీసిన నలుపు. ఏటికొప్పాకలో ఇట్లాంటి సహజ రంగులను మళ్లీ వాడుకలోకి తెచ్చిన సీవీ రాజు గారికి 2023లో పద్మశ్రీ వచ్చింది, ఆ బొమ్మలకు 2017లోనే భౌగోళిక గుర్తింపు వచ్చింది. చెట్ల రంగులు ఎండకు కొంత వెలుస్తాయి, ముఖ్యంగా పసుపు. నాకు అది లోపంగా అనిపించదు, బొమ్మ కిటికీలో పెట్టకుండా లోపల పెట్టుకుంటే ఏళ్లు ఉంటుంది.

వేగం 1200 దగ్గర పెట్టండి. కడ్డీని చెక్కకు అదమండి. మొదట గీత గీసినట్టు పొడిగా పడుతుంది, రాపిడికి వేడెక్కాక ఒక్కసారిగా మెత్తబడి చెక్కను చుట్టేస్తుంది. ఆ క్షణాన వాసన మారుతుంది, కొంచెం తియ్యగా, గాజుల బజారులో లక్క గాజు వేడి చేసినప్పుడు వచ్చే వాసన. అప్పుడు కడ్డీ తీసేసి, ఆకుతో అదమాలి. ఏటికొప్పాక వాళ్లు మొగలి ఆకు వాడతారు. మనకు మొగలి ఎక్కడిది, నేను ఎండిన తాటాకు ముక్కను ఈనె తీసి మడిచి వాడుతున్నాను, బాగానే పని చేస్తోంది. ఆకు రాపిడి వేడికి లక్క మళ్లీ కరిగి అంతటా సమంగా పరుచుకుంటుంది. చివర ఆకుకు ఒక్క చుక్క నూనె రాసి తేలిగ్గా ఆనిస్తే అద్దంలా మెరుస్తుంది. ఒక్క చుక్కే, రెండు చుక్కలైతే మసకబారుతుంది. గుడ్డ ముక్క మాత్రం పెట్టవద్దు, గ్లోవ్స్‌కు చెప్పిన కారణమే.

రంగుల వరుస లేతవి ముందు, ముదురువి తర్వాత. బతుకమ్మకు కింది వరుస తంగేడు పసుపు, దాని మీద గునుగు తెలుపు, తర్వాత బంతి నారింజ, మళ్లీ ఎరుపు అద్దిన గునుగు, పైన చామంతి పసుపు, శిఖరానికి గుమ్మడి పువ్వు. గునుగు తెలుపుకు నేను రంగు లక్క వేయను, చెక్క సహజ రంగు మీద రంగులేని లక్క, అది గునుగు వెండి తెలుపుకు బాగా దగ్గరగా ఉంటుంది. సన్న గాడుల్లోకి కడ్డీని ఉలిలా చెక్కి మొన చేసి దించాలి. పొరపాటున పక్క వరుసకు అంటితే టెన్షన్ పడకండి, చల్లారాక స్క్యూ మొనతో ఆ పొర మాత్రం గీకేసి మళ్లీ వేయవచ్చు. చీరకు ఏ రంగైనా మీ ఇష్టం, అంచు మాత్రం వేరే రంగు పెట్టండి, రెండు సన్న గీతలు.

చేతులు, ముఖం

తాంబాలం పట్టుకున్న చేతులు ఎట్లా అని అందరూ అడుగుతారు. రెండు సన్న పుల్లలు తిప్పి, భుజానికీ తాంబాలానికీ రంధ్రాలు పెట్టి అతికించవచ్చు, నేను నాలుగైదు చేశాను, చూడ్డానికి బాగుంటాయి, పిల్లల చేతికిస్తే రెండు రోజుల్లో విరుగుతాయి. అందుకే చేతులు లేకుండానే చేస్తున్నాను. తల మీద బతుకమ్మ, నిలబడిన తీరు చూస్తే చేతులు మన కళ్లే పెట్టుకుంటాయి. జపాన్‌లో తొహొకు ప్రాంతపు కొకేషి అనే లేత్ బొమ్మలకు కూడా చేతులు కాళ్లు ఉండవు, తలా మొండెమే. అందులో నరుకో అనే ఊరి రకానికి తలను విడిగా తిప్పి మొండెంలోకి బిగిస్తారు, మెడ తిప్పితే కీచుమని చప్పుడు చేస్తుంది. మన బొమ్మ ఒకే చెక్క కాబట్టి ఆ సరదా లేదు.

బొమ్మను మిషన్ మీదే ఉంచి, స్విచ్ తీసి, ప్లగ్ కూడా పీకి ముఖం గీయండి, పట్టుకోవడానికి అంత మంచి స్టాండ్ ఇంకోటి దొరకదు. సున్నా నంబర్ కుంచె. కళ్లు తల ఎత్తులో సగానికి కొంచెం కిందుగా, దూరం దూరంగా. ముందు పెన్సిల్‌తో రెండు చుక్కలు పెట్టి, నాలుగడుగులు వెనక్కి వెళ్లి చూసి, అప్పుడు గీయండి. కనుబొమలు, కాటుక, బొట్టు, పెదవికి చిన్న ఎర్ర చుక్క, ముక్కుకు ఒక పసుపు చుక్క పుడక. ఇంతకు మించి వద్దు. జుట్టు నలుపు లక్క పట్టీగా ముందే తల పై భాగంలో వేసి ఉంటారు, వెనక కొప్పు, కొప్పులో బంతిపువ్వు కుంచెతో.

విడదీయడం

చీర అడుగున పార్టింగ్ ఉలితో కోస్తూ, అడుగు మధ్య భాగం ఒక పిసరు లోపలికి గుంటగా వచ్చేలా ఉలిని వంచి పట్టండి, అప్పుడు బొమ్మ అంచు మీద నిలుస్తుంది, ఊగదు. పది మిల్లీమీటర్లు మిగిలినప్పుడు మిషన్ ఆపి, మిగతాది చేతి రంపంతో కోయండి. శిఖరం కొస కూడా అట్లే రంపంతో కోసి, సాండ్ పేపర్ పట్టి, అక్కడికి మాత్రం కుంచెతో రంగు. అడుగున సంవత్సరం రాయడం నాకలవాటు.

మూడేళ్ల లోపు పిల్లలకు ఇచ్చేటట్టయితే అతికించిన చిన్న ముక్కలేవీ ఉండకూడదు, ఊడి గొంతులో పడతాయి. అమ్మాలనుకునేవాళ్లు ఒకటి తెలుసుకోండి: 2021 జనవరి 1 నుంచి బొమ్మలకు బీఐఎస్ (భారతీయ ప్రమాణాల సంస్థ) గుర్తు తప్పనిసరి, కేంద్ర హస్తకళల డెవలప్‌మెంట్ కమిషనర్ దగ్గర నమోదైన చేతివృత్తుల వాళ్లకు అందులో మినహాయింపు ఉంది. ముందు ఆ నమోదు చేయించుకోండి.

నీళ్లు తగిలితే లక్క తెల్లగా పాలిపోతుంది, దుమ్ము పడితే పొడి గుడ్డతో తుడవాలి. ఎండాకాలం బైక్ డిక్కీలో, కారులో బొమ్మలు వదలకండి. నేను ఒకసారి పేపర్‌లో చుట్టి డిక్కీలో పెట్టి కాజీపేట పోయి వచ్చేసరికి లక్క మెత్తబడి, చీర మీద పేపర్ అక్షరాలు అచ్చయ్యాయి. నూలు గుడ్డలో చుట్టి, అట్టపెట్టెలో కొంచెం రంపపు పొట్టు పోసి నిలువుగా పెట్టండి, తాంబాలం అంచు పెట్టె గోడకు తగలకుండా.